సైగ లేని అప్‌డేట్

ఈ పొద్దున కంప్యూటర్ తెరవగానే అప్‌డేట్ వేసుకోమని తెర మీద మళ్లీ ఓ చిన్న పెట్టె వచ్చింది. పోయిన నెల అలాగే వస్తే వేశాను. అప్పటినుంచి కంప్యూటర్‌లో శబ్దం రావడం లేదు. చనిపోయిన మా ఆవిడ చేపలు తోముతూ పాడిన పాట అందులోనే ఉంది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

మా మల్కాపురంలోనే ఉండే నా బావమరిది అప్పన్న వచ్చి, పెట్టెలోని ఇంగ్లీషు చదివాడు.

"కొన్ని లోపాలు సరైపోతాయంట బావా."

"ఏ లోపాలో రాసినాడేటి?"

"లేదు. ఎయ్యి, పాట తిరిగి ఇనపడొచ్చు."

"ఉన్నదీ పోతేనో?"

"అంత క్రేను నడిపినోడివి, మీటకి బయపడతన్నావేటి?"

"పోర్టులో కిందోడు సెయ్యి ఊపితేనే బరువెత్తేవోణ్ణి. ఇక్కడ ఊపీవోడెవుడు? అది మీ అప్ప గొంతురా."

వాడు మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. చివరికి నేనే 'తర్వాత' అన్నది నొక్కాను. రేపు మళ్లీ అడుగుతుంది. ఏది నొక్కాలో రేపూ నాకు తెలియదు.

ఈ అప్‌డేట్ వేసుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. మీకు వినపడుతోందా?