అన్న ఒళ్ళో రోటరీ యుఫోనియం

పక్షవాతం వచ్చిన కొన్ని నెలలకు మా అన్నకు నడక వచ్చింది, మాట వచ్చింది. కుడిచేతి వేళ్ళకు మాత్రం బలం రాలేదు. మేమిద్దరం యుఫోనియం వాయించేవాళ్ళం, ఫిలింనగర్ రికార్డింగుల్లో, జూబ్లీహిల్స్ పెళ్ళిళ్ళలో. ఇప్పుడన్నీ కీబోర్డులోనే దొరుకుతాయంటారు, వాళ్ళ మొహం! ఆ బరువైన ఇత్తడి వాద్యాన్ని నాకు నేర్పింది అన్నే. అలాంటివాడు స్వరం మార్చే పిస్టన్ మీట నొక్కితే అది సగం దిగి ఆగిపోయేది. లోపలి స్ప్రింగు వేలిని పైకి తోసేసేది.

"ఏందిరా, గీ స్ప్రింగు గూడ నాకంటే బలమైందా?" అని నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది. వేళ్ళు ఆడేదాకా ఊదేది లేదని మొండికేసి కూర్చున్నాడు.

మధురానగర్‌లో మా బ్యాండు మాస్టారి అటక మీద రోటరీ వాల్వుల యుఫోనియం ఒకటి ఉంటే, బతిమాలి కృష్ణానగర్‌లోని మా ఇంటికి తెచ్చాను. అందులో పిస్టన్లు ఉండవు. చిన్న మీటలుంటాయి. మీట కాస్త నొక్కితే చాలు, లోపల బిళ్ళ తిరిగి గాలి దారి మారుతుంది. స్వరాలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మెత్తగా జారతాయి. పిస్టన్ల మీద స్వరం తెగినట్టు పలికే తీరు దానికి లేదు. నాకు చచ్చినా నచ్చలేదు. అయినా నాకు నచ్చితే ఎంత, నచ్చకపోతే ఎంత? అన్న వాయించాలి, అంతే.

అన్న ఒళ్ళో పెట్టాను. మీటలు కదిలాయి! మూడూ కదిలాయి! వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఊదన్నా, జర గట్టిగ ఊదు!"

ఊదాడు. కుడివైపు పెదవి మూల నుంచి గాలి ఉస్సుమని పోయింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. నీళ్ళు కారకుండా తాగుతున్నాడు కదా, నోరు బాగైందనుకున్నాం. అన్నం తినడానికి సరిపోయే పెదవి బిగపట్టి ఇత్తడి ఊదడానికి సరిపోదని, ఇంకెవరికి తెలియకపోయినా మా ఇద్దరికీ తెలియాలి. వేళ్ళ ధ్యాసలో పడి ఆ మాటే మరిచాం.

వదిన కొంగుతో మూతి తుడవబోతే అన్న ఆమె చెయ్యి తోసేశాడు. "నువ్వు వాయించురా," అన్నాడు నాతో.

నా పిస్టన్ యుఫోనియం తీసి, అప్పగింతలప్పుడు వాయించే పాట ఎత్తుకున్నాను. అన్న ఊదకుండా నాతోపాటు మీటలు నొక్కాడు. ఒక్క వేలూ తప్పలేదు. నాకు దుఃఖం ఆగలేదు, పాట మధ్యలోనే వదిలేశాను. అన్న వేళ్ళు మాత్రం చివరిదాకా వెళ్ళి ఆగాయి.

తర్వాత దాన్ని నా వైపు జరిపాడు.

"తీస్కపోయి ఇచ్చెయ్‌రా. ఇంట్ల ఉంటే రోజూ ఊదబుద్ధయితది."