పక్క గదిలో నా గొంతు

దయ్యాల మాట ఎత్తితే ముందుగా నవ్వేది నేనే. ఎవరైనా చూశామని చెబితే వెలుతురు ఎంత ఉంది, ముందురోజు సరిగ్గా నిద్రపోయారా, ఆ కథ అంతకుముందు ఎక్కడైనా విన్నారా అని ఆరా తీసి, వాళ్ల సరదా అంతా పాడుచేసేదాన్ని. ఆబిడ్స్‌లో ఒక కాలేజీలో సైకాలజీ చెబుతాను. అనుమానించడం నా వృత్తి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

నాన్న పోయిన ఏడాదే నా పిహెచ్.డి. ప్రయోగం మొదలైంది. నాన్నది మెదక్. రైల్వేలో గుమాస్తాగా నాంపల్లిలోనే రిటైరయ్యాడు. చర్చికి వెళ్లినా కూరగాయలకు వెళ్లినా అదే తెల్ల పొట్టిచేతుల చొక్కా, పంటినొప్పికి నోట్లో ఒక లవంగం. నేనంటే ప్రాణం. నేను తుమ్మితే ఆయన దవాఖానకు బయల్దేరేవాడు. నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా, వాన పడితే గొడుగు పట్టుకుని కాలేజీ గేటు దగ్గర నిలబడేవాడు. స్టాఫంతా నన్ను ఏడిపించేవాళ్లు. ఒక తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగి పోయాడు.

నా ప్రయోగం చిన్నదే. మనిషిని ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయమంటాం. కాసేపటికి పక్క గదిలో ఏదో పడిన చప్పుడు, "అమ్మా, కాలు! ఎవరన్నా రాండ్రి!" అని ఒక ఆడమనిషి కేక. అది రికార్డింగ్ అని వాళ్లకు తెలియదు. సగం మందికి "పూర్తయ్యేదాకా లేవొద్దు" అని ముందే గట్టిగా చెబుతాం, సగం మందికి చెప్పం. మిగతాదంతా ఒకటే. చిన్న ఆజ్ఞ ఒకటి మనిషిలోని జాలిని ఎంతవరకు తొక్కిపెడుతుందో చూడాలని నా ఉద్దేశం. కేక కోసం ఇంకొకరిని బతిమాలడం ఎందుకని నేనే ఫోన్‌లో అరిచి పెట్టుకున్నాను.

లేవొద్దని చెప్పినవాళ్లలో చాలామంది కూర్చునే ఉంటారని అనుకున్నాను. ఒక్కరూ కూర్చోలేదు. అందరూ నేనున్న పక్క గదికి పరుగెత్తుకొచ్చారు. హైదరాబాద్ జనం మీద గౌరవం పెరిగింది గానీ, నా థీసిస్ గంగలో కలిసేలా ఉంది.

ఇలాంటి ప్రయోగాల్లో ఒక నియమం ఉంది. మనం మభ్యపెట్టిన ప్రతి మనిషినీ చివర్లో కూర్చోబెట్టి నిజం చెప్పాలి. అది ఉత్తుత్తి కేక, ఎవరికీ ఏమీ కాలేదు, మనసులో పెట్టుకోవద్దు అని. అలా చెబుతుంటే డిగ్రీ చదివే ఒక అమ్మాయి నవ్వేసింది.

"నాకు అప్పుడే డౌటొచ్చింది మేడం. గా పెద్దాయనను మీరే కూసోబెట్టిన్రు గదా? 'జర పోయి చూడు బిడ్డా, నా మోకాళ్లు లేవనిస్తలెవ్వు' అని ఒకటే బతిమాలిండు."

మేం ఎవరినీ కూర్చోబెట్టలేదు.

అంతకుముందు వచ్చినవాళ్లకు ఫోన్ చేశాను. పెద్దాయన పేరెత్తకుండా, గదిలో ఇంకేమైనా గమనించారా అని మాత్రమే అడిగాను. తలుపు పక్క కుర్చీలో ఒక ముసలాయన ఉన్నాడని చాలామంది చెప్పారు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకులో పనిచేసే ఒకాయన, "తెల్ల అంగీ, లవంగం వాసన. మస్తు ఫికర్ల ఉండె పాపం," అన్నాడు. ఆయనకూ ఆ అమ్మాయికీ పరిచయం లేదు. అలాంటి మనిషెవరూ పైకి రాలేదని వాచ్‌మన్ చెప్పాడు. మెట్ల దగ్గరి కెమెరాలోనూ కనబడలేదు.

లవంగం అనగానే నాన్నే గుర్తొచ్చాడు. నాన్న మోకాళ్లు రెండూ అరిగిపోయి ఉండేవి. అయినా ఒప్పుకోలేదు. ఆయన్ని గేటు దగ్గర చూసినవాళ్లెవరో కథ అల్లి ఉంటారు, అది నోటా నోటా పాకి ఉంటుంది అని సర్దిచెప్పుకున్నాను.

ఇంతలో నా గైడ్, మీ గొంతు మీ విద్యార్థులు గుర్తుపట్టేస్తారు, మార్చండి అన్నారు. నిజమే. నాకు తట్టనందుకు సిగ్గేసింది. మా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే సుజాత చేత అదే కేక వేయించాను. అదే గది, అవే కుర్చీలు, అవే మాటలు. గొంతొక్కటే మారింది. లేవొద్దన్నవాళ్లలో చాలామంది బుద్ధిగా కూర్చుని రాసుకుంటూ పోయారు. పెద్దాయన ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

ప్రయోగమంటే అంతే కదా. ఒక్కదాన్ని మార్చి, దానితోపాటు ఏం మారిందో చూడటం. నాకు భయమూ వేసింది, ఆశా పుట్టింది. గైడ్‌కు చెప్పకుండా మళ్లీ నా గొంతే పెట్టాను. ఆ రోజు గౌలిగూడ నుంచి ఒకావిడ వచ్చింది. మా కాలేజీలో అడుగుపెట్టడం ఆవిడకు అదే మొదలు. కేక వినబడగానే కాగితాలు వదిలేసి పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"గాడ కూసున్నది మీ నాయననా? అచ్చం మీ లెక్కనే ఉన్నడు. 'నా బిడ్డ పడ్డది, ఎవ్వలు పోతలేరు' అని వణుకుతుండు. జల్ది పోయి జర మొకం చూపియ్యమ్మా," అంది.

వెళ్లాను. కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పటిదాకా నా థీసిస్ ఏమవుతుందోనని మాత్రమే భయపడ్డాను. రికార్డింగ్ వేసిన ప్రతిసారీ ఆయన అది నిజమనుకుంటున్నాడన్న ఆలోచనే నాకు రాలేదు. అందరికీ నిజం చెప్పాను, ఆయనకు తప్ప. ఇంకోసారి వేస్తే ఇంకోసారి వస్తాడు కదా అన్న ఆశ కూడా పీకింది, దాచడమెందుకు. కానీ కూతురి ఏడుపు వినిపించి తండ్రిని రప్పించుకోవడం ఏం న్యాయం?

ఆవిడను పంపించి, తలుపు వేసి, ఆ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. అందరికీ చెప్పినట్టే చెప్పాను.

"నాన్నా, అది నేనే ఫోన్ల రికార్డ్ చేసిన. ఉత్తుత్తిదే. నా చదువు కోసం. నాకేం కాలె. కాలు మంచిగనే ఉన్నది, చూడు."

లేచి గదిలో అటూ ఇటూ నడిచి చూపించాను కూడా. గుండె పగిలేలా ఏడ్చాను.

ఆయన ఇంకా కంగారు పడుతున్నాడేమో తెలుసుకుందామని, తర్వాత కొందరికి నా గొంతుతోనే ప్రయోగం చేశాను. లేవొద్దన్నవాళ్లు చాలామంది కదలకుండా కూర్చున్నారు. పెద్దాయన గురించి మళ్లీ ఎవరూ చెప్పలేదు.

నాన్న ఎలా వచ్చాడని నేను పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోను. నేను పడిపోయానంటే రాకుండా ఉండే మనిషి కాదు. నాకు అంతుపట్టనిది వేరే. బతికున్నన్నాళ్లూ "నాకేం కాలేదు నాన్నా" అంటే ఆయన ఒక్కనాడూ నమ్మలేదు. ఆ రోజు ఎలా నమ్మి వెళ్లిపోయాడో, ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు.