పరారీ చట్టం పాఠం చెప్పిన విమల టీచర్

తడి దిష్‌దాషా మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచే ఆవిరి వాసన నాకిప్పటికీ గుండెదడ పుట్టిస్తుంది. ఒమన్‌లో, ఖురంలోని లాండ్రీలో రోజంతా ఆ తెల్లటి పొడవాటి చొక్కాలు ఇస్త్రీ చేయడమే నా పని. ఆ వాసన తగలగానే అజైబాలో నేను పనిచేసిన ఇల్లు, అక్కడ బెదురుతూ గడిపిన మూడో ఏడు, విమల టీచర్ గుర్తుకొస్తారు.

కడప జిల్లా నుంచి రెండేళ్ల ఒప్పందం మీద ఆ ఇంట్లో పనికి కుదిరాను. గడువు దాటినా ఇంటి యజమానురాలు, మేడమ్, నన్ను ఊరికి పంపలేదు. పాస్‌పోర్టు ఆమె బీరువాలో ఉండేది. అడిగితే రంజాన్ కానీ అంది, తర్వాత తన పిల్ల పరీక్షలు కానీ అంది. మూడోసారి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ పిల్ల అమెరికన్ సిలబస్ చదివేది. చరిత్ర చెప్పడానికి రాజమండ్రికి చెందిన విమల టీచర్ సాయంత్రాలు వచ్చేవారు. పిల్ల జవాబులు రాసుకుంటుంటే, పక్కన ఇస్త్రీ చేసే నాకు అదే పాఠం తెలుగులో చెప్పేవారు.

ఒకరోజు, అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఒక నల్లజాతి స్త్రీ గురించి చెప్పారు. తాను బయటపడ్డాక, తనవాళ్ల కోసం మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లిందట.

"పట్టుకుంటేనో?" అన్నాను.

"దానికో చట్టమే చేశారమ్మా. బానిసత్వం లేని రాష్ట్రానికి చేరినా సరే, పట్టి యజమానికి అప్పగించాల్సిందే. దేశమంతా పెద్ద గొడవైంది."

"దాచిపెట్టినోళ్లను ఏం జేస్తారు టీచరమ్మా?"

"జరిమానా, జైలు."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. ఆమె నన్నే చూస్తూ, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందని అడిగారు. చెప్పాను.

"నేను ఎల్లిపోతా. గేటు తెరిచే ఉంటాది."

"వద్దు. పారిపోయిందని కేసు పెడతారు. నువ్వు బానిసవి కాదు, ఒప్పంద కాగితం ఉంది. ఎదురుగా అడుగుదాం."

"నాకు భయంగా ఉండాది."

"నాకూ ఉందమ్మా."

పాఠం కాగానే నన్ను వెంటబెట్టుకుని హాల్లోకి నడిచారు. ఈమె గడువు దాటిపోయింది, పంపకపోతే నేనే ఎంబసీకి తీసుకెళ్తానని మేడమ్‌తో ఇంగ్లీషులో చెప్పారు. గొంతు నిలకడగానే ఉంది. చేతిలోని పుస్తకాన్ని మాత్రం గుండెకు అదుముకున్నారు. మేడమ్ ఆమెను అప్పటికప్పుడే ఇంట్లోంచి పంపేసింది.

తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. వాకిట్లో కారు ఆగితే పోలీసులే అనుకునేదాన్ని. ఐదో రోజు పాస్‌పోర్టు, టికెట్ వంటగది బల్ల మీద పెట్టి, మేడమ్ వెళ్లిపోయింది.

ఊరికెళ్లి టీచర్‌కు ఫోన్ చేశాను. మేడమ్ బంధువుల ఇళ్లలోని ట్యూషన్లన్నీ పోయాయని అడిగితే గానీ చెప్పలేదు.

"నా వల్లే కదా టీచరమ్మా?"

"నేను కావాలనే మాట్లాడాను. నీ భయం తగ్గిందా?"

"లేదు."

"నాకూ లేదులే," అని నవ్వారు.

ఏడాది తర్వాత వేరే వీసా మీద ఇక్కడికొచ్చేసరికి ఆమె ఒమన్ వదిలి వెళ్లిపోయారు. మళ్లీ కలవలేదు. పోయిన నెల మా వీధిలో ఇంటిపని చేసే భీమవరం అమ్మాయి, జ్వరంలోనూ సెలవివ్వట్లేదని నా దగ్గర ఏడ్చింది. సెలవు అడుగుదామని ఆ అమ్మాయితో పాటు ఆమె పనిచేసే ఇంటి తలుపు ముందు నిలబడ్డాను. మొదటిసారి తట్టిన చప్పుడు నాకే వినిపించలేదు. మళ్లీ గట్టిగా తట్టాను.