అక్క పట్టుకున్న గాలి

పంపుల విషయంలో నాకు ఎదురు చెప్పే మనిషి అప్పటికి కృష్ణా జిల్లాలో పుట్టలేదని నా నమ్మకం. డెబ్బైల్లో గవర్నర్‌పేటలో నాకు మోటార్ల షాపు ఉండేది. పొలాల్లో ఆయిలింజను మొరాయించినా, మేడ మీద ట్యాంకుకు నీళ్లెక్కకపోయినా నాకే కబురొచ్చేది. వెళ్లేవాణ్ని, చెవి పెట్టి వినేవాణ్ని, రోగం చెప్పేవాణ్ని. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంత గొప్పకే చెబుతున్నాను.

ఆ రోజుల్లో మా అక్క రిక్షాలోంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. వన్ టౌన్‌లో ఆడపిల్లల బడిలో టీచరు. ఎముక అతుక్కుంది గాని, కాలు నేల మీద మోపాలంటే వణికిపోయేది. గన్నవరం దగ్గర ఒక డాక్టరమ్మగారి నర్సింగ్ హోమ్‌లో చిన్న ఈతకొలను ఉండేది. ఈతకి కాదు, కాళ్లు పడిపోయినవాళ్లని గోరువెచ్చని నీళ్లలో నడిపించడానికి. ఆ నీళ్లలో దిగితే అక్క ఎవరి సాయమూ లేకుండా నడిచేది. బయటికొస్తే మళ్లీ చక్రాల కుర్చీయే. క్రిస్మస్ సెలవులయ్యి బడి తెరిచేసరికి తరగతిలో నిలబడగలిగితే సరే, లేకపోతే ఆ ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేస్తామని బడివాళ్లు చెప్పేశారు.

కొలను నీళ్లని వేడెక్కించేది ఎండే. డాక్టరమ్మగారు ఏదో పత్రికలో చూసి ముచ్చటపడితే నేనే బిగించాను. మేడ మీద రేకులు పరిచి, వాటి మీద నల్లరంగు వేసిన ఇనప గొట్టాలు, ఆ పైన అద్దాలు. కొలను పక్క గదిలో మోటారు. అది కొలనులోంచి నీళ్లు లాగి మేడమీదికి తోస్తే, అవి గొట్టాల్లో తిరిగి వేడెక్కి మళ్లీ కొలనులో పడేవి. నెల్లాళ్లు దివ్యంగా నడిచింది. డిసెంబరు మధ్యలో, సరిగ్గా చలి ముదిరాక, వేడినీళ్లు పడేచోట బుడగలు మొదలయ్యాయి. ముందు నాలుగైదు, తర్వాత సోడా కొట్టినట్టు. గాలి చేరితే నీళ్లు సరిగా ఎక్కవు, ఎక్కకపోతే వేడెక్కవు. నాలుగు రోజుల్లో కొలను చల్లబడిపోయింది. అక్క దిగి, పళ్లు బిగబట్టి రెండడుగులు వేసి, కాలు బిగుసుకుపోతే బయటికొచ్చేసింది.

"మేస్త్రీగారూ, శనివారం దాకా చూస్తానండీ. ఆ పైన ఆ గొట్టాలన్నీ విప్పించేస్తాను," అన్నారు డాక్టరమ్మగారు.

"అంతదాకా ఎందుకండీ, రేపటికి చేసేస్తాను," అన్నాను.

నా లెక్క నాకుంది. పొయ్యి మీద గిన్నె పెడితే నీళ్లు మరక్కముందే అడుగున బుడగలు లేస్తాయి. ఎండకి గొట్టాల్లోనూ అదే జరుగుతోందనుకున్నాను. మేడెక్కి, గాలి వదలడానికి పెట్టిన కుళాయి తిప్పాను. బుస్సుమంటూ గాలి పోయి నీళ్లు చిమ్మాయి. "అక్కా, తగ్గాయా?" అని పిట్టగోడ మీంచి అరిచాను. కొలను గట్టున కుర్చీలో కూర్చున్న అక్క "తగ్గాయి" అంది. పది నిమిషాలకి "మళ్లీ వస్తున్నాయిరా" అంది. మూడు రోజులు ఇదే తంతు. గొట్టాల కింద ఇటుకలు పెట్టి వాలు మార్చాను. ఉపయోగం లేదు.

శుక్రవారం మబ్బు పట్టింది. ఎండ పొడ లేదు. అయినా మోటారు వేయగానే బుడగలు తయారు.

"ఒరేయ్, ఎండే లేదు కదా, మరి నీ గిన్నెలో నీళ్లు ఎలా కాగుతున్నాయిరా?" అంది అక్క. "లోపల ఇరుక్కున్న గాలయితే ఒకసారి వదిలాక అయిపోవాలి. రోజూ వస్తోందంటే ఎక్కణ్నుంచో కొత్తగా దూరుతోందన్నమాట. ఆ మోటారు గదిలో చూశావా?"

"అక్కడున్నది నేను కట్టిన జాయింటక్కా. మరల మీద జనపనార చుట్టి, సఫేదా ముద్ద పూసి నా చేత్తో బిగించాను. చుక్క కారదు."

"చూశావా, లేదా?"

"చూడక్కర్లేదంటున్నానా!" అని విసుక్కుని, పైన ఇంకో కుళాయి బిగించడానికి మోటారు ఆపేసి మేడెక్కాను. టీచర్లకి ప్రతివాడూ మూడో తరగతివాడిలాగే కనిపిస్తాడని గొణుక్కున్నాను కూడా.

పావుగంటకి పైనుంచి పిలిస్తే పలకలేదు. తొంగి చూస్తే కుర్చీ ఖాళీ. కొలనులో నీళ్లు కదలడం లేదు. మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు.

అక్క మోటారు గదిలో ఉంది. ఎడంచేత్తో గోడ పట్టుకుని, కుడిచేత్తో జాయింటు కింద తడుముతోంది. కుర్చీ దగ్గర్నుంచి ఆ గదికి ఇరవై అడుగుల దూరం. అంతా పొడి నేలే.

"ఇదుగో," అని తడిచెయ్యి నాకు చూపించింది. "మోటారు ఆపితే ఇక్కడ నీళ్లు బయటికొస్తున్నాయి. వేస్తే ఇక్కణ్నుంచే గాలి లోపలికెళ్తోంది. నీ జాయింటే."

మోటారు తిరిగేటప్పుడు నీళ్లు లాగుతుంది కాబట్టి అక్కడ చుక్క కనపడదు, ఆ సందులోంచి గాలి పీలుస్తుంది. పొలాల్లో వందసార్లు నేను పట్టుకున్న జబ్బే. నేను బిగించింది కాబట్టి దాని వంక చూడలేదు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది, అది సిగ్గుతో కాదు.

"కుర్చీ తెస్తానక్కా, కూర్చో."

"తర్వాత. ముందు దాన్ని విప్పు."

వాల్వు కట్టేసి విప్పాను. జనపనార ఒకపక్క పల్చబడి ఎండిపోయింది. అక్క ఎక్కడ పడిపోతుందోనని కొత్తది గబగబా చుట్టబోయాను.

"తొందరేం లేదు. ఈసారైనా సరిగ్గా చుట్టు," అంది, బడిలో అనేలాగే.

సరిగ్గానే చుట్టాను. సఫేదా పూసి, బిగించి, మోటారు వేసి, కొలనులో ఒక్క బుడగైనా రావడం లేదని చూసొచ్చేదాకా అక్క నిలబడే ఉంది.