సుద్దముక్క గుర్తు

ఆదిబాబు చేతికి పానా అందితే తుప్పు పట్టిన నట్టయినా బుద్ధిగా తిరగాల్సిందే. ట్రక్కుల ప్లాంటులో ముప్పయ్యేళ్లు నా పక్కన నిలబడి ఇంజిన్లు దించాడు. ఒక్కనాడూ మాట పడలేదు. అలాంటివాడి పేరు నేను ఒక్క ముక్కతో పాడుచేశాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

మా ఇద్దరికీ ప్లాంటు నేర్పిన పద్ధతి ఒకటుంది. విప్పిన ప్రతిదాని మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. వాడిది అడ్డగీత, నాది టిక్కు. గుర్తులన్నీ చూసుకున్నాకే ఇంజిను లేపే గొలుసు లాగాలి. రిటైరయ్యాక కూడా ఆ పద్ధతి మానలేదు.

అగ్రికో కాలనీలో సత్యప్రసాద్ ఇంటి షెడ్డులో వాళ్ల నాన్న కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, వాటి వెనకే ఇంజిను. దాన్ని దించడానికి మా ఇద్దర్నీ పిలిచాడు. ట్రక్కులో అయితే ఇంజినును పైకి ఎత్తుతాం. దీనికి ఇంజినును కింద ట్రాలీ మీద ఆనించి, బాడీనే గొలుసు కప్పీతో పైకి లేపాలి. "ఇది సరిగ్గా దించితే, పర్సుడీహ్‌లో నేను పెట్టే వర్క్‌షాపుకి ఆదిబాబుగారే పెద్ద మిస్త్రీ" అన్నాడు సత్యప్రసాద్. మర్నాటి నుంచి ఆదిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని రావడం మొదలెట్టాడు. దాచడమెందుకు, నాకు కొంచెం కడుపు మండింది.

సీటు వెనక సందులో ఉన్న గేరు కేబుల్ నా వంతు. ముందే టిక్కు పెట్టేసి పానా అందుకోబోతుంటే, సత్యప్రసాద్ భార్య త్రివేణి టీ తెచ్చింది. తాగి విప్పుదాంలే అనుకున్నాను. కబుర్లలో పడి మరిచిపోయాను.

ఆదిబాబు టార్చి వేసి గుర్తులన్నీ చూసుకున్నాడు. "అయిపోనాదిరా, లాగుతన్నా" అన్నాడు. బాడీ జానెడు లేచిందో లేదో, ఫట్‌మంది. విప్పని కేబుల్ లాక్కుపోయి, అది తగిలించి ఉన్న గేరుబాక్సు చెవి విరిగి నేల మీద పడింది.

"యే కైసే హువా? ఎలా జరిగిందిది? దీని పార్టు ఇప్పుడు ఎక్కడా దొరకదు!" సత్యప్రసాద్ వంగి విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

నా పాపిష్టి నోరు ఊరుకుందా? "ఆ కేబుల్ ఆదిబాబు విప్పాలండి" అనేసింది.

వాడు నా వైపు ఒక్కసారి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, సందులోకి వంగి ఏదో తుడిచాడు. తర్వాత లేచి, "నాదే గల్తీ బాబూ" అన్నాడు.

పెద్ద మిస్త్రీ పనీ, వర్క్‌షాపు తాళాలూ నాకొచ్చాయి. ఆదిబాబు పానాల పెట్టె అటకెక్కించేశాడని వాళ్లావిడ కాంతం బజారులో కనిపించి చెప్పింది. నెల్లాళ్లు నాకు అన్నం సహించలేదు. నిన్న సాయంత్రం ఇక ఉండలేక వాళ్లింటికి వెళ్లాను.

"ఆదిబాబూ, ఆ కేబుల్ నేనే ఇప్పనేదురా. ఇప్పకుండానే టిక్కు ఎట్టీసినాను."

"నాకు తెల్దేటి? ఆ టిక్కు తుడిసింది నేనే కదా."

"మరి సత్యప్రసాద్ బాబుకి సెప్పనేకపోనావా?"

"సాయంత్రంలోగా నువ్వే సెప్తావనుకున్నాను. తరవాత మర్నాడనుకున్నాను. నెల్లాళ్లూ సూసినానురా" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

ఈ పొద్దున అగ్రికో బయల్దేరాను. తాళాలు జేబులో ఉన్నాయి. దారి పొడుగునా ఏవేవో మాటలు కూడబలుక్కున్నాను గానీ, గేటు దగ్గరికొచ్చేసరికి ఒక్కటే మిగిలింది. ఆ కేబుల్ నాదండీ.