వాయిద్యాల గదికి దారి

నేను తిరగని ఊరు లేదు, చదవని చెత్తా లేదు. రాజుల జీవితాలు చదివాను. రాజుల పల్లకీలు మోసినవాళ్ళవీ ఒకటి రెండు చదివాను. మరుగుదొడ్డి ఎటో చూపించే బాణం గుర్తు గీసిన మనిషి కథ మాత్రం ఏ లైబ్రరీలోనూ కనబడలేదు. ఆ మనిషి లేకపోతే అర్జంటు వేళ రాజుగారి గతి ఏమయ్యేదో ఆలోచించండి. అందుకే బాణాలమ్మ సంగతి రాస్తున్నాను.

ఆ పేరు తోటి ఉద్యోగులు పెట్టింది. ఆసుపత్రులకూ స్టేషన్లకూ దారి చూపే డిజిటల్ తెరలు తయారుచేయడం ఆమె పని. తండ్రి పోతే చిన్నాన్న పెంచాడు. ఆయనకు పెళ్ళీ పెటాకులూ లేవు. ఉన్నదల్లా వాయిద్యాల గది. లైబ్రరీ, చిత్రశాల, నాటకశాల ఒకే ఆవరణలో ఉన్నాయి. నాటకశాల వెనక్కి వెళ్ళి మలుపు తిరిగితే ఆ గది వస్తుంది. ఎవరో పారేసిన వాయిద్యాలను ఆయన బాగుచేసి గోడలకు తగిలించేవాడు. వచ్చినవాళ్ళ చేతికిచ్చి వాయించమనేవాడు. ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు లేని మ్యూజియం నా తిరుగుడంతటిలో అదొక్కటే. నేనూ ఓ వేణువు ఊది, పక్కన రిహార్సల్ చేసుకుంటున్నవాళ్ళ చేత చీవాట్లు తిన్నాను.

ఆవరణంతా ఒకే ట్రస్టుది. ఏడాదిలో జనం పెరక్కపోతే ఆ గదిని నాటకశాల వారి దుస్తుల సామానుకు ఇచ్చేస్తామని ట్రస్టు చెప్పేసింది. అదే సమయంలో గేటు దగ్గర పెరిగిన బోర్డుల అడవిని కొట్టేసి, నాలుగు సంస్థలకూ కలిపి ఒక్క తెర పెట్టాలనుకున్నారు. ఆ పని బాణాలమ్మకు వచ్చింది. చిన్నాన్న గది గట్టెక్కినట్టేనని ఆమె అనుకుంది.

మొదట ఆమె గీసింది సాదా తెర. నాలుగు పేర్లు, నాలుగు బాణాలు, ఎప్పుడూ కదలకుండా. మీటింగులో అది ఎవరికీ నచ్చలేదు. ఒకరి పక్కన ఒకరి పేరు ఉండడం పెద్ద సంస్థలకు నామోషీ. ఎవరి వంతులో తెరంతా వాళ్ళదే కావాలన్నారు. వంతులన్నాక ముందెవరని గొడవ. అప్పుడు నాటకశాల మేనేజరు చిన్నాన్న వైపు తిరిగి నవ్వాడు.

"మీకేం దిగులు లెండి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా లోటుండదు."

బాణాలమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అందరికీ సమానమైన వంతులేనని, తన చిన్నాన్నది అన్నిటికన్నా చివర వేస్తానని అక్కడికక్కడే చెప్పేసింది. చిన్నాన్న తలూపాడు. పరీక్షగా నడిపే నెలలో మార్పులు ఆమె ఇష్టం, ఆ తర్వాత మాత్రం నలుగురూ ఒప్పుకోవాలి అని తీర్మానమైంది.

నిలబడి చూసేవాడి కోసం గీసినదాన్ని కూర్చుని సరిచూడకండని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది ఆమే. ఈ తెరను మాత్రం తన కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, నాలుగు వంతులూ పూర్తిగా చూసి బాగుందనుకుంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అలా.

లైబ్రరీ తెరిచేదాకా నేను గేటు పక్క బెంచీ మీదే ఉంటాను. మనిషి ఎదుటికి రాగానే తెర మళ్ళీ మొదటి వంతు నుంచి మొదలవుతుంది. జనం వస్తారు, టికెట్టు జేబులో పెట్టుకుంటూ తలెత్తుతారు. పెట్టుకోవడం అయిపోతే చూడడమూ అయిపోయినట్టే. దారి చెప్పేవాడి మాట సగంలో వదిలేసి నడవడం మనిషి జన్మలక్షణం. నేనూ అలా నడిచే సగం ఊళ్ళు చూశాను. వాయిద్యాల గది వంతు వచ్చేసరికి తెర ముందు మిగిలేది ఒక కుక్కో, నేనో.

పరీక్ష నెల గడిచిపోయాక ఒకరోజు బాణాలమ్మ వచ్చి నా బెంచీ మీదే కూర్చుంది. రెండు విడతలు చూసింది. చేతిలో టీ చల్లారిపోయింది. లేచి తిన్నగా ట్రస్టు ఆఫీసుకు వెళ్ళింది. నాలుగు పేర్లూ ఒకేసారి చూపిద్దామంది, కాదంటే రోజుకొకరిని ముందు వేద్దామంది. లైబ్రేరియన్ మర్యాదస్తుడు, కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. చిత్రశాల కార్యదర్శి ఆలోచిద్దామంది. మేనేజరు మాత్రం నిదానంగానే చెప్పాడట.

"సమానమన్నది మీరే కదమ్మా. మీవాళ్ళ దగ్గరికి జనం రాలేదని ఇవాళ మారిస్తే, రేపు మేమూ అడగమా?"

నలుగురూ ఒప్పుకోనిదే మార్పు లేదు గనక పని అక్కడితో ఆగింది. అక్కణ్ణించి చిన్నాన్న గదికి వెళ్ళింది. ఆయన ఏదో తంత్రి బిగిస్తున్నాడు.

"నా వల్లే పోతోంది చిన్నాన్నా ఈ గది."

"తెలుసమ్మా. తెర పెట్టిన కొత్తలోనే గేటు దగ్గర నిలబడి చూశా. మన బొమ్మ వచ్చేసరికి నేనొక్కణ్ణే ఉన్నా."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే నువ్వు మార్చేస్తావు. మారిస్తే నలుగురూ నిన్ను నాలుగు మాటలంటారు."

"అప్పుడు నా చేతిలో ఉంది చిన్నాన్నా. ఎవర్నీ అడక్కుండా మార్చేదాన్ని."

ఆయన తంత్రి వదిలేశాడు. "ఆ ముక్క నాకు తట్టలేదమ్మా" అన్నాడు.

ఇదంతా ఆమె నాకు బెంచీ మీదే చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు నాలుగు పుస్తకాల మాటలు చెప్పే వీలుండేది. ఇద్దరూ ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ గదిని ముంచుకున్నారు. ఇందుకు సరిపడే ఓదార్పు నేను చదివిన దేంట్లోనూ లేదు.

ఏడాది తిరిగింది. గది ఖాళీ చేశారు. కొన్ని వాయిద్యాలను ఓ బడి తీసుకుంది, మిగతావి ఏమయ్యాయో చిన్నాన్నకే తెలియాలి. తెరలోంచి ఆ బొమ్మ తీసేయమని బాణాలమ్మకే కబురొచ్చింది. తీసేసింది. సాయంత్రానికి చిత్రశాల కార్యదర్శి ఫోను చేసి, మిగిలిన సమయంలో తమకు కాస్త ఎక్కువ రావాలంది. మేనేజరూ అదే అడిగాడు. బాణాలమ్మ దాన్ని మూడు భాగాలు చేసి మూడు సంస్థలకూ సమానంగా పంచింది. ఈసారి ఎవరూ ఒక్క మాట అనలేదు. చక్కగా చేశారమ్మా అని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.