మంత్రులున్నారు, ఆసుపత్రి లేదు

1954. చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లుల ఎదురుగా నా కొట్టు. రాళ్ళ మీద అక్షరాలు చెక్కడం నా పని. సమాధి రాళ్ళూ చెక్కేవాణ్ణి, శంకుస్థాపన రాళ్ళూ చెక్కేవాణ్ణి. మొదటి రకం వాళ్ళు పేరు ఎలా వచ్చిందో చూడ్డానికి రారు. రెండో రకం వాళ్ళు రోజూ వస్తారు. నేను నాలుగో తరగతితో బడి మానేసినా, బి.ఏ.లు నా కొట్టు ముందు నిలబడి తమ పేరు కూడబలుక్కుని వెళ్ళేవాళ్ళు.

అప్పుడు ఆంధ్ర రాజధాని కర్నూలు, అక్కడ సంకీర్ణ ప్రభుత్వం. ఎన్నికల్లో తిట్టుకున్నవాళ్ళే మంత్రివర్గంలో పక్కపక్కన కూర్చున్నారు. దర్శి వైపు ఒక ఊరి పంచాయతీ ప్రెసిడెంటు గారు ప్రసూతి ఆసుపత్రికి రాయి కావాలని వచ్చారు. ఆ ఏడాది వాళ్ళ ఊరి బిడ్డలు ముగ్గురు ఆసుపత్రి దారిలో, ఎడ్లబండిలోనే పుట్టారట. స్థలం ఇస్తానన్న రైతు మాత్రం గడువు పెట్టాడు. సోమవారానికి రాయి పడకపోతే ఆ చేలో పొగాకు నారు వేసేస్తాడు.

వచ్చే మంత్రులు ఇద్దరు, పార్టీలు రెండు. చిక్కంతా లేఅవుట్ దగ్గర వచ్చింది. లేఅవుట్ అంటే ఉలి పెట్టకముందు సుద్దతో అక్షరాలు గీసుకోవడం. రెండు పార్టీల నుంచీ చెరొకాయన వచ్చి నా నెత్తిన కూర్చున్నారు.

"మా మంత్రి గారి పేరు పైన ఉండాలి."

"అయితే మా ఆయన కిందా?"

"పక్కపక్కన పెడతానండి," అన్నాను.

"ఎడమ పక్కదే ముందు చదువుతారు. మేం వెర్రివాళ్ళమా?"

తిరగలికని కోయించిన గుండ్రటి రాయి ఒకటి ఉంటే తెచ్చి ముందు పెట్టాను. అంచు చుట్టూ పేర్లు, మధ్యలో ఆసుపత్రి. ఇద్దరి మొహాలూ వెలిగాయి. అంతలోనే ఒకాయనకి అనుమానం. "నిలబెట్టినప్పుడు పైకెవరొస్తారు?"

"పడుకోబెడదామండి."

వాళ్ళు కదలరు కాబట్టి పేర్లే ముందు చెక్కాను. నా తప్పు అదే. మధ్యభాగం ఆదివారానికి వదిలాను. ఆదివారం పొద్దున పేపరు వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. వెనకాలే ప్రెసిడెంటు గారు రొప్పుతూ వచ్చారు.

"ఒరేయ్ మస్తానూ, రాయి ఎంతవరకొచ్చిందిరా?"

"మంత్రులున్నారండి. ఆసుపత్రి లేదు."

"మంత్రులూ లేరురా!" అని అరుగు మీద కూలబడ్డారు. "రేపు వాడు నారు వేసేస్తాడు. ఇంకో బిడ్డ బండిలో పుడుతుంది."

ఆ మాటకి నాకు జోకు రాలేదు. రాయిని బోర్లించి వెనకవైపు సుద్దతో 'ప్రసూతి ఆసుపత్రి' అని గీశాను.

"పేర్లేం వద్దా?" అన్నారాయన.

"మళ్ళీ ఎవరన్నా పడిపోతే తిప్పడానికి దీనికి మూడో పక్క లేదండి."

సోమవారం రాయిని లారీ మీద నేనే తీసుకెళ్ళాను. రైతు నారు కట్టలతో సిద్ధంగా నిలబడ్డాడు. "మంత్రి ఏడీ?"

ప్రెసిడెంటు గారు ఊరి మంత్రసానిని ముందుకు పిలిచారు. "రాయి ఈవిడ వేస్తుంది. నువ్వూ ఈవిడ చేతుల్లోనే పుట్టావు కదరా. కాదను, చూద్దాం!"

ముసలావిడ రైతుని ఎగాదిగా చూసింది. "అప్పుడూ ఇంతే, ఓ పట్టాన బయటికి రాలేదు," అంది. అతను నవ్వాపుకోలేక కట్టలు ఎత్తుకుని పక్క చేలోకి నడిచాడు.

అప్పట్నుంచి నేను పని పేరు ముందు, లోతుగా చెక్కుతాను. మనుషుల పేర్లు వాళ్ళ కారు దుమ్ము కనబడ్డాకే. ఆ మంత్రులిద్దరూ ఇప్పటికీ ఆసుపత్రి గుమ్మం ముందు బోర్లా పడుకుని ఉన్నారు. ఎవరు పైనని మాత్రం ఇంతవరకు పేచీ రాలేదు.